త్రీడీ మోడల్ నుంచి కోతకు, కట్టుబడికి పనికొచ్చే టూడీ డ్రాయింగ్ తీయడం: ఆటోక్యాడ్‌లో

ఇంటి యజమానికి వంటగది ఎలా ఉంటుందో చూపించడానికి త్రీడీని మించింది లేదు. అదే బొమ్మని చీమకుర్తిలో గ్రానైట్ కోసే యూనిట్‌కో, నెల్లూరులో గోడ లేపుతున్న మేస్త్రీకో ఇస్తే వాళ్లు చేయగలిగింది ఏమీ లేదు. వాళ్లకి కావలసింది కొలతలు వేసిన చదునైన గీతలు. డ్రాయింగులు గీసే ఆటోక్యాడ్ సాఫ్ట్‌వేర్‌లో త్రీడీలో పనిచేసి టూడీకి మారేటప్పుడు ఎక్కడ తడబాటు వస్తుందో, దాన్ని ఎలా సరిచేయాలో ఇక్కడ వివరంగా చెబుతున్నాం.

ఇందులో రెండు వేర్వేరు పనులున్నాయి. ఒకటి తెరని టూడీకి మార్చుకోవడం, రెండోది గీతల్ని టూడీ చేయడం. చాలామంది మొదటిది చేసి రెండోదీ అయిపోయిందనుకుంటారు. మిద్దె మీద ఒక తాడు, వాకిట్లో ఒక తాడు పరిచి సరిగ్గా నడినెత్తి మీద నుంచి చూస్తే రెండూ ఒకే నేల మీద ఉన్నట్టే కనబడతాయి. ఆటోక్యాడ్‌లో టాప్ వ్యూ చేసే మాయ కూడా ఇదే. కంటికి చదునుగానే ఉంటుంది. తీరా మూల కలపబోతే కలవదు, హ్యాచ్ (గీతల మధ్య నింపే నమూనా) నిండదు, విస్తీర్ణం రాదు.

కమాండ్ల పేర్లు ఇక్కడ తెలుగు లిపిలో రాశాం. టైప్ చేసేటప్పుడు ఇంగ్లీషు అక్షరాల్లోనే కొట్టాలి.

ముందు తెర సంగతి

అన్నిటికన్నా ముందు సేవ్ యాజ్ కొట్టి వేరే పేరుతో కాపీ చేసుకోండి. కింద చెప్పే పనుల్లో కొన్ని ఎత్తుల్ని శాశ్వతంగా చెరిపేస్తాయి. అసలు ఫైల్ మీద అవి చేయకూడదు.

1. తెర కింద కుడిమూల పళ్లచక్రం గుర్తు నొక్కి వర్క్‌స్పేస్‌ని త్రీడీ మోడలింగ్ నుంచి డ్రాఫ్టింగ్ అండ్ అన్నొటేషన్‌కి మార్చండి. దీనివల్ల మారేది పైన ఉండే పనిముట్ల పట్టీ ఒక్కటే. డ్రాయింగ్ ఉన్నచోటే ఉంటుంది, వంకరగా ఉంటే వంకరగానే ఉంటుంది.

2. యూసీఎస్ (గీత ఏ తలం మీద పడాలో చెప్పే అక్షాల అమరిక) కొట్టి, డబ్ల్యూ అక్షరం ఇచ్చి ఎంటర్ నొక్కండి. అక్షాలు అసలు స్థానానికి, అంటే వరల్డ్‌కి వస్తాయి.

3. ప్లాన్ కొట్టి రెండుసార్లు ఎంటర్ నొక్కండి. ఇప్పుడు సరిగ్గా పైనుంచి చూస్తున్నట్టు. ఈ రెండు పనులూ ఇదే వరసలో చేయాలి. యూసీఎస్ వంకరగా ఉండగా ప్లాన్ కొడితే ఆ వంకర తలానికే ఎదురుగా నిలబెడుతుంది.

4. వీఎస్‌కరెంట్ కొట్టి 2 ఇవ్వండి. రంగులూ నీడలూ పోయి టూడీ వైర్‌ఫ్రేమ్ వస్తుంది. గీతలు దూరం పోయేకొద్దీ దగ్గరవుతున్నట్టు కనిపిస్తే పర్‌స్పెక్టివ్ అన్న వేరియబుల్‌ని (పేరు కొట్టి విలువ ఇచ్చే సెట్టింగ్) 0 చేయండి.

5. ఎలెవ్ కొట్టండి. రెండు ప్రశ్నలు అడుగుతుంది: ఎత్తు, మందం. రెండింటికీ 0 ఇవ్వండి. త్రీడీలో గోడ గీసేటప్పుడు ఎప్పుడో ఎత్తు 10 అడుగులని ఇచ్చి మరిచిపోయి ఉంటే, ఇకమీద గీసే గీతలు కూడా 10 అడుగుల ఎత్తులోనే పడుతుంటాయి. మందం మిగిలిపోతే ప్రతి గీతా గోడలా నిలబడుతుంది. పైనుంచి చూస్తే ఈ రెండిట్లో ఏదీ కనిపించదు.

తర్వాత ఎఫ్4, ఎఫ్6 మీటలు చూసుకోవాలి. ఎఫ్4 త్రీడీ ఆబ్జెక్ట్ స్నాప్ (కర్సర్‌ని మూలలకి, కొసలకి అతికించేది), ఎఫ్6 డైనమిక్ యూసీఎస్. టూడీ పనికి రెండూ ఆపేయండి. డైనమిక్ యూసీఎస్ నడుస్తుంటే, కర్సర్ ఏదైనా ఘనం మీదికి పోగానే దాని ముఖాన్నే నేలగా తీసుకుని దానిమీద గీసేస్తుంది.

ఇంకొకటి అన్నిటికన్నా ముఖ్యం: ఓస్నాప్‌జడ్ అనే వేరియబుల్ (ఓస్నాప్ అన్న మాట చివర జడ్ అక్షరం). ఇది 0లో ఉంటే, ఎత్తులో ఉన్న బిందువుని స్నాప్ చేసినప్పుడు ఆ ఎత్తుని కూడా పట్టుకొచ్చి గీతకి అంటిస్తుంది. 1 చేస్తే ఎక్స్, వై మాత్రం తీసుకుని గీతని నేల మీదే ఉంచుతుంది. త్రీడీ మోడల్ పక్కన పెట్టుకుని దాని మూలలు ఆధారంగా టూడీ గీసేవాళ్లకి ఈ ఒక్క అంకె గంటల కొద్దీ పనిని తప్పిస్తుంది. మళ్లీ త్రీడీలోకి పోయేటప్పుడు 0కి తేవడం మరవకండి.

పని మధ్యలో డ్రాయింగ్ ఉన్నట్టుండి పక్కకి ఒరిగిపోయిందంటే, షిఫ్ట్ మీట పట్టుకుని మౌస్ చక్రం నొక్కారన్నమాట. అది ఆర్బిట్. కంగారేం అక్కర్లేదు, ప్లాన్ కొడితే చాలు.

నిలువుగా లేచే గీతలు: ఫ్రంట్ వ్యూ ఉచ్చు

ఇది వేరుగా చెప్పుకోవలసిన సంగతి. వ్యూ ప్యానెల్‌లో ఫ్రంట్, లెఫ్ట్ లాంటి నేరు దృశ్యాలు ఎంచుకున్నప్పుడు ఆటోక్యాడ్ దృశ్యంతో పాటు యూసీఎస్‌ని కూడా ఆ తలానికి తిప్పేస్తుంది. యూసీఎస్ఆర్థో అన్న వేరియబుల్ 1లో ఉండటమే దానికి కారణం, అది మొదటినుంచీ 1లోనే ఉంటుంది. అక్కడినుంచి ఐసోమెట్రిక్‌కి మారితే దృశ్యం మారుతుంది కానీ యూసీఎస్ ఫ్రంట్‌లోనే ఉండిపోతుంది. ఆ స్థితిలో నేల ప్లాన్ గీస్తున్నామనుకుని గీసిన గీతలన్నీ గోడలా లేచి నిలబడతాయి. టాప్‌కి వచ్చి చూస్తే అంతా ఒకే ఒక్క గీతగా కుదించుకుపోయి కనిపిస్తుంది. గీసింది మాయమైందని కొందరు మళ్లీ మొదటినుంచి గీస్తారు. అవసరం లేదు. త్రీడీ రొటేట్‌తో ఎక్స్ అక్షం చుట్టూ -90 డిగ్రీలు తిప్పి పడుకోబెడితే అదే గీత దక్కుతుంది. టూడీ పని నడిచినన్నాళ్లూ యూసీఎస్ఆర్థోని 0లో ఉంచుకోవడం మేలు.

గీతలు నిజంగా చదునుగా ఉన్నాయో లేదో చూడటం

తెర పైన కుడిమూల ఉండే వ్యూక్యూబ్‌లో ఫ్రంట్ నొక్కి, జూమ్ ఎక్స్‌టెంట్స్ కొట్టండి. డ్రాయింగ్ అంతా ఒకే అడ్డగీతగా కనబడితే చదునుగా ఉన్నట్టే. పైనా కిందా చెల్లాచెదురుగా గీతలు తేలుతుంటే వాటికి జడ్ విలువ (ఎత్తు) ఉంది. ఏటవాలు గీత కనబడితే దాని రెండు కొసలూ వేర్వేరు ఎత్తుల్లో ఉన్నాయని అర్థం. ఇదే అన్నిటికన్నా ప్రమాదం, ఎందుకంటే పొడవు తప్పు చెబుతుంది. 10 అడుగుల గీతకి ఒక కొస 1 అడుగు పైకి లేచి ఉంటే డిస్ట్ కమాండ్ ఇచ్చే దూరం 10.05 అడుగులు. అంటే దాదాపు 15 మిల్లీమీటర్లు ఎక్కువ. ఇటుక గోడకి అది సర్దుకుంటుందేమో, రాతి కోతకి సర్దుకోదు.

ఒక్కో గీతని చూడాలంటే లిస్ట్ కొట్టండి, లేదా డిస్ట్ ఫలితంలో డెల్టా జడ్ అంకె చూడండి. అది సున్నా కాకపోతే తప్పు ఎక్కడుందో దొరికినట్టే.

జడ్‌ని సున్నా చేసే మూడు దారులు

నమ్మకమైన దారి ప్రాపర్టీస్ ప్యానెల్. కంట్రోల్, 1 నొక్కితే తెరుచుకుంటుంది. క్యూసెలెక్ట్‌తో ముందు గీతల్ని మాత్రం ఎంచుకుని స్టార్ట్ జడ్, ఎండ్ జడ్ రెండూ 0 చేయండి. తర్వాత పాలీలైన్లు (ముక్కలు కలిసి ఒకటిగా ఉండే గీతలు): వాటికి ఎలివేషన్ అన్న గడి ఉంటుంది. వృత్తాలకి సెంటర్ జడ్, అక్షరాలకీ బ్లాకులకీ (ఒకే వస్తువుగా కట్టిన గీతల గుంపులు) పొజిషన్ జడ్. రకం వారీగా చేయడం కాస్త ఓపిక పని. కానీ ఏది మారిందో ఏది మారలేదో కంటికి కనబడుతుంది. బ్లాక్ పొజిషన్ సున్నా చేసినా బ్లాక్ లోపలి గీతలు ఎత్తులోనే ఉండవచ్చు. దాన్ని బీఎడిట్‌లో తెరిచి ఇదే పద్ధతిలో సరిచేయాలి. ఫర్నిచర్ బ్లాకులు దించుకుని వాడేవాళ్లకి ఈ సమస్య తరచుగా వస్తుంది.

రెండోది ఫ్లాటెన్. ఎక్స్‌ప్రెస్ టూల్స్ ఇన్‌స్టాల్ అయి ఉంటేనే ఉంటుంది. ప్లాన్ దృశ్యంలో నిలబడి చేయాలి, ఎందుకంటే మీరు చూస్తున్న దిశలోనే చదును చేస్తుంది. కనబడని గీతలు తీసేయాలా అని అడిగితే మామూలుగా నో చెప్పండి. త్రీడీ పాలీలైన్‌ని మామూలు పాలీలైన్‌గా మార్చడానికి ఇదే తేలిక దారి, అది పీఎడిట్‌తో కాదు. పని అయ్యాక బ్లాకుల్నీ డైమెన్షన్లనీ ఒకసారి తనిఖీ చేయండి. ఫ్లాటెన్ తర్వాత అవి మునుపటిలా ఉండకపోవచ్చు. కొలతలు వేయకముందే ఫ్లాటెన్ చేసుకుంటే ఆ బాధే లేదు.

మూడోది డ్రాఫ్ట్స్‌మెన్ మధ్య బాగా నడిచే చిట్కా. మూవ్ కొట్టి అన్నీ ఎంచుకుని, డి అక్షరంతో డిస్‌ప్లేస్‌మెంట్ తీసుకుని 0,0,1ఇ99 ఇవ్వాలి. మళ్లీ అదేవిధంగా 0,0,-1ఇ99 ఇవ్వాలి. అంత పెద్ద అంకె ముందు అసలు ఎత్తులు లెక్కలోకి రాకుండా పోతాయి, వెనక్కి తెచ్చేసరికి అన్నీ సున్నా మీద పడతాయి. మామూలు గీతలకి చక్కగా పనిచేస్తుంది. త్రీడీ ఘనాల మీద మాత్రం దీన్ని వాడొద్దు. లాక్ చేసిన లేయర్ల (గీతల్ని వేరుచేసి ఉంచే పొరలు) మీదివి కదలవు కాబట్టి ముందు లాకులు తీయాలి.

సర్వే డ్రాయింగుల విషయంలో ఒక గట్టి మాట. అల్లూరు, విడవలూరు వైపు రొయ్యల గుంటలకి టోటల్ స్టేషన్ అనే సర్వే యంత్రంతో కొలిపించి తెచ్చే ఫైళ్లలో ప్రతి బిందువుకీ జడ్ విలువ ఉంటుంది. అది తప్పు కాదు, అదే అసలు సరుకు. గట్టు ఎంత ఎత్తు, గుంట అడుగు ఏ వాలులో ఉంది, నీళ్లు ఎటు పోవాలి అన్నదంతా ఆ అంకెల్లోనే ఉంది. హద్దు గీసి విస్తీర్ణం చూసుకోవాలంటే ఫైల్‌ని చదును చేయకండి. ఓస్నాప్‌జడ్ 1 చేసి, కొత్త లేయర్ మీద బిందువుల వెంట పాలీలైన్ గీసి మూయండి. హద్దు నేల మీద పడుతుంది, ఎత్తులు భద్రంగా ఉంటాయి. విస్తీర్ణాన్ని చదరపు మీటర్లలోనో చదరపు అడుగుల్లోనో రాయండి. ఇళ్ల స్థలాల్లో అంకణాల లెక్క అడుగుతారు కానీ అంకణం అంటే 36 చదరపు అడుగులనేవాళ్లూ, 72 అనేవాళ్లూ ఉన్నారు. డ్రాయింగ్ మీద అంకణాలు ఒక్కటే రాస్తే తగువు తెచ్చుకున్నట్టే.

ఘనం నుంచి గీతలు తీయడం: వంటగది గట్టు ఉదాహరణగా

మోడల్ ఘనాలతో చేసి ఉంటే పైన చెప్పినట్టు చదును చేయడం కంటే దృశ్యాన్ని గీతలుగా దింపుకోవడం శుభ్రమైన పద్ధతి. దానికి ఫ్లాట్‌షాట్ ఉంది. తక్కువ హంగులుండే ఆటోక్యాడ్ ఎల్‌టీలో ఇది ఉండదు.

ఎల్ ఆకారపు వంటగది గట్టు తీసుకుందాం. ఫ్లాట్‌షాట్ మోడల్ స్పేస్‌లో కనబడే ఘనాలన్నిటినీ పట్టేస్తుంది, ఇది కావాలి ఇది వద్దు అని అడగదు. కాబట్టి గోడలు, పొయ్యి, అరల తలుపులు ఉన్న లేయర్లని ముందే ఫ్రీజ్ చేసి (కనబడకుండా దాచి) గట్టు రాయిని మాత్రం ఉంచండి. యూసీఎస్ వరల్డ్‌లో ఉంచి, వ్యూక్యూబ్‌తో టాప్‌కి వెళ్లి ఫ్లాట్‌షాట్ కొట్టండి. పెట్టెలో ఇన్‌సర్ట్ యాజ్ న్యూ బ్లాక్ ఎంచుకోండి. అబ్‌స్క్యూర్డ్ లైన్స్ కింద షో అన్న టిక్కు తీసేయండి, లేకపోతే వెనకాల దాగిన అంచులన్నీ కూడా వచ్చి పడతాయి. క్రియేట్ నొక్కాక ఎక్కడ పెట్టాలో అడుగుతుంది. మౌస్‌తో చూపించకుండా 20000,0 లాంటి అంకె టైప్ చేయండి. ఎందుకంటే ఇదే పని ఫ్రంట్ దృశ్యంలో చేసేటప్పుడు నేల తలం అంచుమీద నిలబడి ఉంటుంది, మౌస్ నొక్కు ఎక్కడో పడుతుంది. ఫ్లాట్‌షాట్ ఏ దిశలో చూసి తీసినా బొమ్మని ప్రస్తుత యూసీఎస్ నేల మీదే పడుకోబెడుతుంది. యూసీఎస్ వరల్డ్‌లో ఉండాలని అంతగా చెప్పడం అందుకే. అది ఫ్రంట్‌కి తిరిగి ఉంటే బొమ్మ కూడా నిలువుగా వస్తుంది.

వచ్చిన బ్లాక్‌ని ఎక్స్‌ప్లోడ్ చేసి, ఓవర్‌కిల్ కొట్టండి. ఒకదాని మీద ఒకటి పడిన గీతలు పోతాయి. అవి అలాగే ఉంటే కోత మిషన్ ఒకే దారిలో రెండుసార్లు నడుస్తుంది. తర్వాత పీఎడిట్‌లో మల్టిపుల్, జాయిన్ వాడి బయటి హద్దుని ఒకే మూసిన పాలీలైన్ చేయండి, సింక్ కోతని ఇంకొకటి చేయండి.

ఇక్కడ ఏ సాఫ్ట్‌వేరూ చెప్పని సంగతి ఒకటుంది. త్రీడీలో గట్టుని యూనియన్ చేసి ఒకే ముద్దగా తయారుచేస్తాం. ఫ్లాట్‌షాట్‌లో కూడా అది అతుకు లేని ఎల్ ఆకారంగానే వస్తుంది. రాయిని అలా ఒకే ముక్కగా కోయించరు, రెండు ముక్కలు చేసి అతికిస్తారు. ఆ అతుకు గీత మీరే గీయాలి. సింక్ మీదుగా గానీ పొయ్యి కోత మీదుగా గానీ పోకుండా చూడండి, అక్కడ రాయి సన్నగా మిగిలి విరుగుతుంది. మూల 90 డిగ్రీలని మోడల్ నమ్మినంత మాత్రాన గోడలు నమ్మవు. ఒక గోడ మీద 3 అడుగులు, రెండో గోడ మీద 4 అడుగులు గుర్తుపెట్టి వాటి మధ్య కొలిస్తే సరిగ్గా 5 అడుగులు రావాలి. రాకపోతే టూడీలో ఆ కోణాన్ని సరిదిద్దాకే కోతకి పంపాలి. సింక్ కోత కొలత కూడా మోడల్‌లోని బ్లాక్ నుంచి కాకుండా, కొన్న సింక్‌తో వచ్చే అట్ట నమూనా నుంచి తీసుకోండి.

ఇంటి ప్లాన్‌కి ఇదే పద్ధతి పెడితే మొదట వచ్చేది మిద్దె శ్లాబు బొమ్మ, గదులు కాదు. శ్లాబు లేయర్ ఫ్రీజ్ చేసినా తలుపుల మీది లింటెల్స్ అడ్డొస్తాయి. ప్లాన్ అంటే నేల నుంచి సుమారు 4 అడుగుల ఎత్తులో ఇంటిని అడ్డంగా కోసి చూడటం. సెక్షన్‌ప్లేన్ కొట్టి, ఆర్థోగ్రాఫిక్‌లో టాప్ తీసుకుని, ఆ తలాన్ని 4 అడుగులకి జరపండి. కిటికీలు తెగుతాయి, పైన ఉండే వెంటిలేటర్లు తెగవు, వాటిని చుక్కగీతలతో మీరే చూపాలి. తర్వాత ఆ తలాన్ని ఎంచుకుని కుడి నొక్కుతో జెనరేట్ సెక్షన్‌కి వెళ్లి టూడీ ఎంచుకోండి. కోసిన దృశ్యం తెరమీద కనబడుతోంది కదా అని ఫ్లాట్‌షాట్ కొడితే కుదరదు. ఫ్లాట్‌షాట్ ఆ కోతని పట్టించుకోదు, ఘనాన్ని మొత్తంగానే తీసుకుంటుంది.

ఫ్లాట్‌షాట్ బొమ్మకీ మోడల్‌కీ తర్వాత సంబంధం ఉండదు. యజమాని రేపు గట్టు 2 అంగుళాలు పెంచమంటే మళ్లీ మొదటినుంచి తీయాలి. మార్పులు ఇంకా నడుస్తున్న పనికి లేఅవుట్‌లో (ప్రింటుకి షీటు అమర్చుకునే చోట) వ్యూబేస్ వాడటం మంచిది. మోడల్ మారితే దృశ్యాలు వాటంతటవే మారతాయి. మన దేశంలో భారత ప్రమాణాల సంస్థ బీఐఎస్ ఇచ్చిన ఎస్‌పీ 46 ప్రకారం ఫస్ట్ యాంగిల్ పద్ధతి నడుస్తుంది, అంటే పై దృశ్యం ముందు దృశ్యానికి కిందికి వస్తుంది. వ్యూఎస్‌టీడీలో అది ఏ పద్ధతికి పెట్టి ఉందో మొదటే చూసుకోండి. అన్నీ ఖాయమయ్యాక ఎక్స్‌పోర్ట్‌లేఅవుట్ కొడితే ఆ షీటు మామూలు టూడీ గీతలతో వేరే ఫైల్‌గా వస్తుంది.

స్కెచప్ ప్రో అనే మరో త్రీడీ సాఫ్ట్‌వేర్‌లో చేసేవాళ్లు కెమెరా మెనూలో పారలల్ ప్రొజెక్షన్ పెట్టి, స్టాండర్డ్ వ్యూస్‌లో టాప్ ఎంచుకున్నాకే టూడీ గ్రాఫిక్‌గా ఎక్స్‌పోర్ట్ చేయాలి. పర్‌స్పెక్టివ్‌లో ఉంటే అసలు కొలతతో బయటికి రాదు.

మిషన్‌కి పంపే ఫైల్

ఇంటి మోడల్ తరచుగా అంగుళాల్లో ఉంటుంది, రాతి మిషన్ మిల్లీమీటర్లు అడుగుతుంది. 2 అడుగుల గట్టు వెడల్పుని డిస్ట్‌తో కొలవండి. 24 వస్తే అంగుళాల ఫైల్, అన్నీ ఎంచుకుని స్కేల్‌లో 25.4 ఇవ్వాలి. అప్పుడు 609.6 రావాలి. యూనిట్స్ పెట్టెలో మిల్లీమీటర్లని మార్చినంత మాత్రాన గీతల పొడవు మారదు, అందుకే స్కేల్ చేయక తప్పదు.

ముక్కల్ని నెట్ సైజులోనే (చివరికి ఉండాల్సిన కొలతలోనే) గీయండి. బ్లేడు మందానికి ఎంత వదలాలో మిషన్ నడిపేవాళ్లకి తెలుసు. మీరూ వదిలి వాళ్లూ వదిలితే ముక్క పెద్దదై గోడల మధ్య పట్టదు. కోత గీతలు ఒక లేయర్, కొలతలూ అక్షరాలూ ఇంకో లేయర్. నునుపు చేయాల్సిన అంచుల్ని రాతలో చెప్పండి, అదనపు గీతతో కాదు.

మిషన్లు చదివే డీఎక్స్‌ఎఫ్ ఫైల్‌గా సేవ్ చేసేముందు యూనిట్‌లో వాళ్ల మిషన్ ఏ వెర్షన్ తెరుస్తుందో అడగండి. పాత మిషన్లు కొత్త వెర్షన్‌ని తెరవవు. పంపే ఫైల్‌లో ఒక మూల, కొలతల లేయర్ మీద 100 మిల్లీమీటర్ల చదరం గీసి ఉంచండి. మిషన్ దగ్గర ఫైల్ తెరిచి ఆ చదరాన్ని కొలిచినప్పుడు 100 వస్తే కోత మొదలుపెట్టవచ్చు. 2540 వచ్చిందంటే ఫైల్‌ని అంగుళాలుగా చదివింది. మిషన్‌లో యూనిట్ మార్చి మళ్లీ తెరవమని చెప్పండి.